మనోవ్యథయు, దేహభారమును, వ్యాయామమును



ఈ వార్షిక మహాసభయందు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు మమ్ము గోరిరి. ముప్పదియారేండ్లు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పాఠశాలలయందు తెలుగును సంస్కృతమును బోధించిన వృద్ధోపాధ్యాయునకు అంతకంటె దగిన విషయము లేదని వారి యభిప్రాయము కాబోలు. అయినను మేము దేహమును గూర్చియే మాటలాడెదమని పట్టుబట్టి వారి యనుమతి బడసితిమి. మేము వైద్యులము గాము. వైద్యశాస్త్రమును జదివినవారు ఈ సభయందే కొందరు గలరు. మా మాటలలో దోసమున్నచో వారు సవరింతురుగాక. తెలిసినదానిని పదుగురకు దెలియునట్లు చెప్పుట ఉపాధ్యాయుని పని. అంతమాత్రమే మా యధికారము.

ఈ విషయమే యేల యెత్తుకొంటిమో మొదట విన్నవించెదము. ఇటీవల బంధువుల యింట వివాహమునకు బోయి పంక్తిని గూర్చుంటిమి. పంక్తి యని యంటిమే గాని నేలమీద గూర్చుండగలిగినవారు పదుగురైనను లేరు. నలువదియేండ్లు నిండని పురుషులు మోకాళ్లు పట్టుకొని కుర్చీలు వెదకుకొనిరి. భోజనానంతరమున తాంబూలమునకు ముందుగా మాత్రల పొట్లములు బయటికి వచ్చెను. ఒకరిది చక్కెరవ్యాధి, ఒకరిది రక్తపుపోటు, ఒకరికి రెండును. ఆ యింటి గోడమీద ఆ వంశపు పెద్దల చిత్రపటము వ్రేలాడుచుండెను. బక్కపలుచని దేహములు, నరములు తేలిన పిక్కలు. ఆ తండ్రులకు ఈ కుమారు లెట్లు కలిగిరని మాకు సందేహము పుట్టెను. మనవారు సోమరులు గారు. అందరును అతిగా భుజించువారును గారు. మరి యీ భారమెక్కడిది?

ఈ ప్రశ్నకు రెండుత్తరములు గలవు. ఒకటి పని మారుట. రెండవది చింత పెరుగుట. మొదటిది కంటికి గనబడును. రెండవది కనబడదు గనుక దానిని గూర్చియే యెక్కువగా జెప్పెదము.

మా తండ్రిగారి కాలమున గుంతమగ్గము ఒక యంత్రము మాత్రమే గాదు, ఒక వ్యాయామశాల. గుంతలో కాళ్లు దించి కూర్చుండి తొక్కుడుకర్రలను పాదములతో మార్చిమార్చి త్రొక్కవలెను. ఒకచేత నాడెను బరపుటకు త్రాడు లాగుచు, మరియొకచేత పేకను దట్టవలెను. దానికి ముందు తెల్లవారుజామున వీధిలో పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుచు ఈ కొననుండి యా కొనకు ఎన్నిమారులు నడచిరో లెక్క లేదు. స్త్రీలు రాట్నము త్రిప్పిరి, నీళ్లు మోసిరి, జొన్నలు విసరిరి. ఆహారము గటకయు అంబలియు. ఆ దినములు స్వర్ణయుగమని మేము చెప్పము. ఆకలియు క్షయయు ఆ యిండ్లలో నుండెను. కాని దేహమునకు కదలిక కరవు గాలేదు.

ఇప్పటి సంగతి చూడుడు. సిరిసిల్లలో 20,000లకు పైగా మరమగ్గములు, అనగా మన వాడుకలో సాంచెలు, గలవు. కార్మికుడొకడు ఎనిమిదింటినో పదింటినో చూచుకొనుచు పండ్రెండు గంటలు నిలువుకాళ్ల మీద నుండును. నిలుచుట నడచుట గాదు. ఇరుకు సందులో నాలుగడుగులు వేయుట వ్యాయామము గాదు. ఒకవారము పగటిపాళి, మరియొకవారము రాత్రిపాళి. చెవులు పగులు చప్పుడు, నూలుధూళి, నిద్ర రాకుండుటకై గంటకొక చక్కెర చాయ. ఇంటిలో స్త్రీ చేటను ఒడిలో బెట్టుకొని తునికాకు గత్తిరించి, బీడీలు చుట్టుచు, తల వంచి కూర్చుండును. వేయి బీడీలు చుట్టుటకు దినమంతయు జాలదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతముల బొగ్గుగనులలో నున్న మనవారికి పాళీల మార్పు తప్పదు. భివండికిని, షోలాపురమునకును, సూరతునకును, గల్ఫుదేశములకును బోయినవారికి ఇరుకుగదియు, హోటలు కూడును, ఇంటిమీది బెంగయు తప్పవు.

పనిలోని కదలిక ఎంత మేలు చేయునో తెలుపు పరిశోధన యొకటి గలదు. లండను నగరమున రెండంతస్తుల బస్సులలో చోదకుడు దినమంతయు గూర్చుండును. కండక్టరు మెట్లెక్కుచు దిగుచు నుండును. వీరిద్దరిని బోల్చి చూచిన జెర్రీ మోరిస్ అను వైద్యుడు, కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని 1953లో ప్రకటించెను. 1956లో ఆయనయు తోడివారును వారి దుస్తుల కొలతలను బరిశీలింపగా, చోదకులు కొలువున జేరిన వయసునుండియే నడుము లావైనవారని తేలెను. కావున వ్యత్యాసమంతయు పనివలననే యని చెప్పరాదు. అయినను కదలిక మేలును తరువాతి పరిశోధన లనేకములు స్థిరపరచినవి. గుడ్డ కొలతనుండి మనుష్యుని యారోగ్యమును జదువవచ్చునను మాట నేతవారమైన మనకు నచ్చకమానదు.

ఇక చింతను గూర్చి. 1936లో హన్స్ సెల్యే యను శాస్త్రజ్ఞుడు నేచర్ పత్రికలో నొక చిన్న లేఖ ప్రకటించెను. చలి, గాయము, విషము మొదలగు వేర్వేరు బాధలకు గురిచేసిన యెలుకల దేహములలో ఒకేవిధమైన మార్పులు గలుగుట యాయన కనిపెట్టెను. వానిలో ముఖ్యము మూత్రపిండములపైనుండు అధివృక్కగ్రంథులు పెద్దవగుట. ఈ దేహస్థితికే తరువాత స్ట్రెస్ అను పేరు రూఢమాయెను. మనము దానిని ఒత్తిడి యనుచున్నాము.

ఆ గ్రంథులు చేయు పని యిది. పులి యెదురైనపుడు మొదట అడ్రినలిన్ విడుదలయగును. గుండె వేగముగా గొట్టుకొనును, ఆకలి చచ్చును. ఆపద వెంటనే తొలగినచో అంతటితో సరి. తొలగనిచో కార్టిసాల్ అను రసము చాలకాలము స్రవించుచుండును. అది రక్తమున చక్కెరను బెంచును, ఆకలిని లేపును, కొవ్వును పొట్టచుట్టును లోపలి యవయవములచుట్టును నిలువజేయుటకు దోడ్పడును. పులి వచ్చి పోవును. అప్పు పోదు. వారము వారము కిస్తీ, నెలనెల వడ్డీ, నూలు ధర, గుడ్డ అమ్ముడుపోవునో లేదో యను భయము, ఇవి పులులై ఇంటిలోనే కాపురముండును. పులి నెదుర్కొనుటకు రక్తములోనికి వచ్చిన చక్కెర, పరుగెత్తుటకు బనికిరాక, మంచముమీద పొర్లుచున్న దేహమున మిగిలిపోవును.

నిద్రలేమి దీనికి దోడగును. 2004లో షికాగో విశ్వవిద్యాలయమువారు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రింపజేసిరి. కడుపు నిండినదని తెలుపు లెప్టిన్ 18 పాళ్లు తగ్గెను, ఆకలిని బుట్టించు గ్రెలిన్ 28 పాళ్లు పెరిగెను, ఆకలియు 24 పాళ్లు హెచ్చెను. అప్పులవానికిని, రాత్రిపాళివానికిని, అర్ధరాత్రి తీపిమీదను వేపుడుమీదను మనసు పోవుట జిహ్వచాపల్యము మాత్రమే గాదు. అందు దేహధర్మము గూడ గలదు.

ఇచట సంస్కృతము చదివిన మాకొక చిక్కు వచ్చెను. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయమైన అష్టౌనిందితీయమున అతిస్థూలుని గూర్చియు అతికృశుని గూర్చియు విచారణ గలదు. అతిగా దినుట, వ్యాయామము లేమి, పగటినిద్ర, వంశబీజము మొదలగువానితో పాటు, నిత్యము సంతోషముగా నుండుట, చింత లేకుండుట గూడ స్థూలతకు హేతువులని చరకుడు చెప్పెను. జాగరణమును, చింతనమును, వ్యాయామమును గ్రమముగా బెంచుట స్థూలునకు చికిత్సయని గూడ జెప్పెను. అనగా చింత మనుష్యుని సన్నము చేయునని యాయన మతము. ఆధునికులో, చింతయు జాగరణమును లావు చేయుననుచున్నారు. ఇందెవరి మాట నిజము?

ఈ చిక్కును విప్పు పరిశోధన మాకు దొరికినది. లండను ప్రభుత్వోద్యోగులను అయిదేండ్లు గమనించి 2006లో ప్రకటించిన ఫలితమిది. పనియొత్తిడికి లోనైన పురుషులలో మొదటనే సన్ననివారు మరింత సన్నగిలిరి. మొదటనే లావైనవారు మరింత లావెక్కిరి. చరకుడు చూచినది అసత్యము గాదు. ఇప్పటివారు చూచినదియు అసత్యము గాదు. ఒకే చింత యొకనిని ఎండగట్టును, ఒకనిని ఉబ్బించును. కావున బక్కచిక్కిన సాంచెల కార్మికుని జూచి వీనికేమి చింత యున్నదో యని జాలిపడి, బొజ్జగల యాసామిని జూచి వీడు సుఖముగా దిని పండుకొనుచున్నాడని నవ్వుట మనము మానవలెను. ఆ బొజ్జలోను అప్పుండవచ్చును. అయితే జాగరణము చికిత్స యనుమాటను మాత్రము నేడు మనము పాటింపరాదు. వ్యాయామమను మూడవ చికిత్సయందు చరకునకును ఆధునికులకును భేదము లేదు.

కులబాంధవులారా! ఇంతవరకు పుస్తకముల మాట చెప్పితిమి. ఇక స్వానుభవము చెప్పవలెను. ఈ సంగతి సభాముఖమున జెప్పుట మాకిదియే మొదటిమారు.

మేము పదవీవిరమణము చేయుటకు ముందు, సాంచెలు కొనిన మా బావమరిదికి అప్పునకై జామీను నిలిచితిమి. కొన్నాళ్లకు గుడ్డ ధర పడిపోయెను. సాంచెలు నిలిచెను. అప్పిచ్చినవాడు మా గుమ్మము త్రొక్కెను. ఈ సంగతి మేము మా యింటివారికి రెండేండ్లు చెప్పలేదు. పగలు సరిగా అన్నము సహింపదు. రాత్రి పండ్రెండు గంటలకు మెలకువ వచ్చును. చీకటిలో వంటింటికి బోయి సకినముల డబ్బా తీయుదుము. 66 కిలోల దేహము రెండేండ్లలో 78 కిలోలాయెను. మేము దానిని తూకముచే దెలిసికొనలేదు. అదే ధోవతికి ఏడు రావలసిన కుచ్చెళ్లు నాలుగే వచ్చుచుండుటచే దెలిసికొంటిమి. వైద్యుడు రక్తపరీక్ష చేయించి, చక్కెరవ్యాధి మొదలైనదని చెప్పి, మాత్రలు వ్రాసి, దినమునకు అరగంట నడువుమనెను.

కరీంనగరమున దిగువ మానేరు ఆనకట్టమీద తెల్లవారుజామున నడచుట యారంభించితిమి. నాలుగవనాడు మా యింటివారు తానును వత్తునని బయలుదేరెను. ఎదురెదురుగా గూర్చుండి రెండేండ్లు చెప్పలేని మాటను ప్రక్కప్రక్కన నడచుచు నీళ్లవైపు చూచుచు జెప్పగలిగితిమి. ఆమె కొంతదూరము మాటలాడలేదు. పిమ్మట “ఇదేనా? నేను ఇంకేమో అనుకొని రెండేండ్లు కుమిలిన” అనెను. మేము దాచినది అప్పు. ఆమె మోసినది మా మౌనము. ఆ వారమే మువ్వురమును గూర్చుండి లెక్క చూచి, అప్పిచ్చినవానితో మాటలాడి కిస్తీలు నిర్ణయించుకొంటిమి. ఆ యప్పు ఇంకను పూర్తిగా దీరలేదు. ఏడాదిలో బరువు 73 కిలోలకు వచ్చెను. కుచ్చెళ్లు ఆరు వచ్చుచున్నవి. అర్ధరాత్రి మెలకువ మాత్రము పోయినది.

మా బావమరిదిని గూడ నడువుమంటిమి. అతడు నవ్వి, “బావా, నడిస్తే అప్పు తీరుతదా?” అని యడిగెను. ఈ సభలోను పెక్కుమంది మనసులో నిదే ప్రశ్న యుండును. తీరదు, బావా. నడక అప్పును దీర్పదు, నూలు ధరను దింపదు, గుడ్డకు గిరాకీ తేదు. దీర్పునని చెప్పినవాడు మోసగాడు. కాని అప్పు తీరువరకు అప్పు తీర్చు దేహము నిలువవలెను గదా! కిస్తీ గట్టుటకు చేతులు గావలెను. లెక్క చూచుటకు నిదురపోయిన బుద్ధి గావలెను. మూత్రపిండములు చెడి ఆసుపత్రి పాలైన యింటికి పాత యప్పుతో కొత్త యప్పు గూడ జేరును.

వ్యాయామము చేయు మేలేదో సరిగా దెలిసికొనుడు. అతిశయోక్తులు నమ్మకుడు. నడకచేతనే దేహము సగము గాదు. తిండి మారనిచో బరువు కొలదిగానే తగ్గును. అయినను కదలుచున్న కండరము రక్తములోని చక్కెరను తనంతట దాను పీల్చుకొనును. తూకము మారకున్నను పొట్టలోని కొవ్వు తగ్గును, రక్తపుపోటు దిగును, నిద్ర పట్టును, దిగులు కొంత చల్లారును. చెన్నపట్టణమున రామచంద్రన్ గారును సహవైద్యులును చక్కెరవ్యాధి అంచుననున్న 531 మందిని పరీక్షించి 2006లో ప్రకటించిన ఫలితము ప్రకారము, ఆహారనియమమును నడకయు పాటించినవారిలో వ్యాధి వచ్చు ప్రమాదము 28.5 పాళ్లు తగ్గెను. 2023లో ప్రకటింపబడిన భారతీయ వైద్యపరిశోధన మండలివారి సర్వేక్షణము ప్రకారము మనదేశమున 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి గలదు. ఆ సంఖ్యలో మన యిండ్లును గలవు.

ఎంత చేయవలెను? వయోజనుడు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు మధ్యమమైన శ్రమ చేయవలెననియు, వారమున రెండుదినములైనను కండబలమును బెంచు వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో నిర్ణయించెను. దినమునకు అరగంటచొప్పున అయిదుదినములు నడచిన 150 నిమిషములగును. నడచుచు మాటలాడగలుగవలెను, పాట పాడలేకపోవలెను. అదియే మధ్యమము. కండబలమునకు మన తాలీంఖానాల దండెములు, బస్కీలు చాలును. చేతగానివారు కుర్చీనుండి పదిమారులు లేచి కూర్చున్నను మేలే. బలములో సగముమాత్రమే వ్యాయామమునకు వినియోగింపవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున జెప్పినది తొలిదినములలో మనకు మంచి కొలత.

దేహభారమును గొలుచుటయు సులభమే. గుడ్డ కొలుచు టేపు మన యింట లేనిది గాదు. భారతీయులలో పురుషునకు నడుముచుట్టు 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటినచో హెచ్చరికయని యెరుగుడు. అయిదడుగుల అయిదంగుళముల యెత్తుగలవారికి 63 కిలోలు దాటినచో బరువు హెచ్చుట, 68 కిలోలు దాటినచో స్థూలత. సన్నగానున్నవారును నిశ్చింతగా నుండరాదు. బక్కదేహమున బొజ్జ మాత్రము పెరుగుట మన దేశీయులలో సామాన్యము.

కొన్ని జాగ్రత్తలు. రొమ్ములో నొప్పి, ఆయాసము గలవారు వైద్యుని యడిగి మొదలిడవలెను. చక్కెరవ్యాధిగలవారు చెప్పులు లేక నడువరాదు. నడచుచున్నామని మాత్రలు మానరాదు. మన ప్రాంతపు వేసవి యెండలలో సూర్యోదయమునకు ముందే నడక ముగింపవలెను. రాత్రిపాళివారు పగలు గది చీకటి చేసికొని నిద్రించి, పాళికి ముందు నడువవలెను. గంటకొక చాయలో చక్కెర సగము చేసినను కొంత మేలే. బీడీలు చుట్టు సోదరీమణులు అరగంటకొకమారు చేట దింపి, లేచి, వాకిలివరకు నడచి రావలెను.

సోదరీమణులారా! చెప్పులు తొడిగి తెల్లవారి వీధిని నడచిన లోకులేమనుకొందురో యని మీరు సంకోచింతురు. బతుకమ్మ తొమ్మిదినాళ్లు చప్పట్లు చరచుచు, వంగుచు లేచుచు, గడియలకొలది వలయముగా దిరుగునపుడు ఎవరేమనుకొనిరి? ఆ తొమ్మిదినాళ్ల యాటకు తక్కిన దినములేమి పాపము చేసినవి? వృద్ధులకు మార్కండేయస్వామి గుడి ప్రాంగణము గలదు. పదునారేండ్ల యాయువును జయించిన బాలుని గుడిలో ప్రదక్షిణముచేసి ఆయువును గాపాడుకొనుట యుచితమే గదా!

చివరి మాట మిగుల గంభీరమైనది. గతశతాబ్ది తుదినుండి మన సిరిసిల్లలో అప్పులబాధచే ప్రాణములు దీసికొనిన నేతవారి వార్తలు మనమెల్లరము చదివితిమి. కొందరి పాడెను మోసితిమి. 2017 నుండి కొన్నియేండ్లు బతుకమ్మ చీరల యుత్తరువులు పని గల్పించినవి. ఉత్తరువు లున్ననాడు రేయింబవళ్లు పని, లేనినాడు సాంచెల మౌనము. ఈ యెగుడుదిగుడులే మనవారి గుండెలను దినుచున్నవి. దీనికి సంఘమును, ప్రభుత్వమును చేయవలసినది చాల గలదు. నడువుమని చెప్పి ఆ బాధ్యతను దప్పించుకొనరాదు. కాని చచ్చిపోయిన తరువాత చందాలెత్తు సంఘముకంటె, బ్రతికియుండగా తలుపుతట్టు సంఘము మేలు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ అను మనోవ్యథానివారక సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను ప్రతి సాంచెల కార్ఖానా గోడమీదను వ్రాయింపుడు.

ఈ మహాసభకు మూడు మనవులు చేయుచున్నాము. ఒకటి: ప్రతి పట్టణమునందలి సంఘభవనపు ప్రాంగణము తెల్లవారుజామున అయిదింటికిని, స్త్రీలకై సాయంత్రమునను తెరువబడి, నడకకును వ్యాయామమునకును విడువబడవలెను. రెండు: రాబోవు వార్షిక సభనుండి భోజనశాలకు ముందుగా నొక బల్లవేసి, టేపును, తూకమును, రక్తపుపోటు యంత్రమును, చక్కెరపరీక్షయు నుంచవలెను. మూడు: ప్రతి శాఖలోను నమ్మదగిన అయిదుగురు స్త్రీపురుషులు మండలిగా నేర్పడి, అప్పులలో మునిగినవాని మాటను బయటికి పొక్కనీయక విని, లెక్క వ్రాసి, అప్పిచ్చినవారితో మాటలాడుటకు దోడుగా బోవలెను. మూడవదానికి మొదటి సభ్యులముగా మా పేరును వ్రాసికొనుడని కోరుచున్నాము. జామీను నిలిచి మునిగినవారికి ఆ సంగతులు కొంత తెలియును.

రేపు తెల్లవారి అయిదింటికి, ఈ సభాస్థలి ద్వారమునొద్ద మేమును మా యింటివారును నిలిచియుందుము. మా బావమరిది వచ్చెదనని మాట యిచ్చెను. రాకపోయినచో వాని తలుపు తట్టుదుము. వచ్చెడివారు చెప్పులు తొడుగుకొని రండు. ఎదురెదురుగా చెప్పలేని మాట యేదైన నున్నచో దానిని గూడ వెంట దెండు.